తొమ్మిదో గూనకు తోడు

కొండ మీద నీళ్ళు లేవు. ఉన్నదల్లా గాలి, ఎండ, రాతిగోడలు, ఆ గోడల నడుమ దొరల ఇళ్ళు, వాటికి దక్షిణంగా పెద్ద మట్టికుండలుండే గూనల ఇల్లు. నీళ్ళు కావాలంటే కొండ నడుం దాకా దిగాలి. అక్కడ మెట్లు మెట్లుగా ఉన్న పొలాల పైన కాలవ పారుతుంది. కడవ ముంచుకుని, వీపుకు తాడుతో కట్టుకుని, తాడు పట్టీ నుదుటికి తగిలించుకుని మళ్ళీ ఎక్కాలి. దిగేటప్పుడు ఆడవాళ్ళు పాటలు పాడతారు. ఎక్కేటప్పుడు పాడిన మనిషిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

మైవ ఆ దారిని పద్నాలుగేళ్ళుగా ఎక్కి దిగుతోంది. ఆమె తల్లి తమ్య ముప్ఫై ఏళ్ళ బట్టీ ఎక్కి దిగుతోంది. తమ్య నుదుటి మీద పట్టీ ఒరిసి ఒరిసి వేలెడు వెడల్పున నున్నటి గీత పడింది. ఎండలో అది మెరుస్తుంది. దొరసానులకు నుదుటి పట్టీ ఎవరో చేసి పెట్టాలి, నాకు ఒంట్లోంచే వచ్చింది చూశారా అని తమ్య అందరికీ చూపించి నవ్వేది.

ఆ నీళ్ళన్నీ గూనల ఇంటికే పోతాయి. కొండ చుట్టుపక్కల దొరికే గులాబీరంగు ముల్లి పండ్లను ఆ నీళ్ళలో పిసికి, కాచి, పులియబెట్టి కల్లు చేస్తారు. ఆ కల్లు లేకపోతే కొండ మీద పెళ్ళి జరగదు, గోడ లేవదు, తగవు తీరదు. లోయకు అవతల తూర్పు కొండ ఉంది. ఆ కొండ దొరలూ ఈ కొండ దొరలూ ఒకరి మీద ఒకరు రాళ్ళు రువ్వుకోకుండా తాతల కాలం నుంచి కాపాడుకొస్తున్నదీ ఆ కల్లేనని ఆడవాళ్ళ లెక్క. మగవాళ్ళ లెక్క వేరేగా ఉండేది. అది ఎవరూ అడగలేదు.

గూనల ఇంట్లో మగవాడు అడుగు పెట్టడు. లోపల తొమ్మిది పొయ్యిలు, వాటి మీద తొమ్మిది గూనలు వరసగా ఉంటాయి. ఒక్కో గూన మనిషి గుండెల దాకా వస్తుంది. ఒక్కో గూనకు ఒక ఆడమనిషి. గూన ఉన్న ఆడది శాలువాను రాగి సూదితో బిగిస్తుంది. జానెడు పొడవు, తల దగ్గర నెలవంకలా వెడల్పు. గూన లేని ఆడది శాలువా కొసలు ముడి వేసుకుంటుంది. కాబట్టి కొండ మీద ఆడవాళ్ళు రెండు రకాలు, సూది పెట్టేవాళ్ళూ ముడి వేసేవాళ్ళూ. సూది తల్లి నుంచి కూతురికి వస్తుంది. తల్లీ ముడి వేసుకునేదే అయితే కూతురికి వచ్చేది తాడు పట్టీ.

మైవ ముడి వేసుకునే మనిషి. కడవ దించి, నీళ్ళు తొట్టిలో పోసి, ఊపిరి తీసుకునే నెపంతో గుమ్మం పక్క రాతికి ఆనుకుని కాసేపు నిలబడేది. ఆమె మాట్లాడదు. మాట్లాడదు కాబట్టి అక్కడ ఉందని ఎవరికీ గుర్తుండదు. ఎవరి గూన కింద ఎన్ని పిడకలు మండుతున్నాయో, ఎవరు పండ్లు ఎంతసేపు పిసుకుతున్నారో, ఏ గూన ఏ రోజున ఎలా గొణుగుతుందో, పద్నాలుగేళ్ళు ఆ గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, వాసన పట్టుకుంటూ ఉండిపోయింది. గూనల అడుగున మిగిలిన మడ్డిని కడిగే పని కూడా నీళ్ళవాళ్ళదే. కడిగేముందు మైవ వేలితో తీసి నాకేది. అది చూసి తల్లి తిట్టేది. పాచిమూతి పిల్లి అనేది.

ఒకనాడు ఆ మైవ నోరు తెరిచింది.

ఆ రోజు పౌకర పండ్లు పిసుకుతోంది. పౌకరది ఐదో గూన. ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద గొంతు ఆమెదే. ముల్లి పండు పైన పలచటి తీపి పొర ఉంటుంది, లోపల గింజలో జిగురు కారం. గోరువెచ్చటి నీళ్ళలో వేసి పిసికితే తీపి దిగుతుంది. ఇంకొంచెం ఎక్కువ పిసికితే ఆ జిగురు దిగి, కల్లు గొంతును కోస్తుంది. ఎక్కడ ఆపాలో వేళ్ళకు తెలియాలి. పౌకర ఏదో కథ చెబుతూ పిసుకుతోంది, కథ రసపట్టులో ఉంది, చేతులు కథతో పాటు పరిగెడుతున్నాయి.

"చాలు," అంది మైవ గుమ్మం దగ్గర నుంచి.

ఇంట్లో ఎనిమిది మందీ తిరిగి చూశారు. తొట్టి మాట్లాడినట్టు చూశారు. పౌకర చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. చుంపి లేచి వచ్చింది. ఆమెది మొదటి గూన, ఆ ఇంటికి పెద్ద. వయసు మీద పడి కుడికాలు ఈడుస్తుంది గానీ నాలుక మాత్రం కత్తి. పౌకర ముందున్న తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"ఇంకొక్క పిసుకుడు పడుంటే ఇది కుడితిలో కలిపి లామాలకు పోసేదాన్ని," అంది చివరికి. తర్వాత మైవ వైపు చూసింది. "ఎన్నేళ్ళ నుంచి వస్తున్నావే నువ్వు?"

పద్నాలుగేళ్ళని మైవ చెప్పలేక చెప్పింది.

"పద్నాలుగేళ్ళకు ఒక మాటా," అంది చుంపి. "ఇంకో పద్నాలుగేళ్ళు ఆగితే నేనుండను. ఆ తొమ్మిదో గూన ఖాళీగా పడుంది. పోసుకో."

తొమ్మిదో గూన మనిషి ఏడాది కిందట కూతురి కాన్పుకని సముద్రం వైపు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అప్పటి నుంచి ఆ గూనలో సాలెపురుగులు కాపురం పెట్టాయి. తూర్పు కొండ దొరలు విందుకు రావడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. ఈసారి తొమ్మిది గూనలూ నిండాలని దొరసాని నుంచి కబురు కూడా వచ్చి ఉంది. అందుకే ఎవరూ చుంపి మాటకు అడ్డు చెప్పలేదు. కానీ మెచ్చుకున్నవాళ్ళూ లేరు. పౌకర అయితే ఆ రోజంతా మాట్లాడలేదు, అదొక విడ్డూరం.

మర్నాడు ఉదయానికి మైవ గూన కడిగి, పండ్లు పిసికి, వడకట్టి, కాచి, చల్లార్చి నింపేసింది. ఎవరినీ ఏదీ అడగలేదు. తన గూనకు కావలసిన పద్నాలుగు కడవల్లో పదకొండు తనే మోసుకొచ్చింది, మిగతా మూడు తల్లి తెచ్చింది.

ఇక మిగిలింది తోడు.

పాలకు తోడు వేసినట్టే కల్లుకూ తోడు వేయాలి. పాత గూన అడుగున ఉన్న మడ్డి ఒక సొరబుర్రెడు తెచ్చి కొత్త గూనలో కలిపితేనే అది లేస్తుంది. గూన ఉన్న ప్రతి ఆడదానికీ తన తోడు ఉంటుంది, తల్లి దగ్గర నుంచి వచ్చినది. అలా తల్లి లేని మనిషికి ఇంకొకరు ఇవ్వాలి. ఇచ్చిన మనిషి ఆమెకు గూన తల్లి అవుతుంది. సూది గుచ్చే హక్కు ఆ తల్లిదే. అయితే తోడు అడగకూడదు. ఇచ్చేవాళ్ళను చూడకూడదు. నీడ పాదాల కిందకు దూరిపోయే వేళ, మిట్టమధ్యాహ్నం, కొత్త మనిషి కడవ తీసుకుని కాలవకు వెళ్ళిపోవాలి. ఆ వేళ నీడ కూడా సాక్ష్యం చెప్పదు కాబట్టి, ఇవ్వదలచిన ఆడది వచ్చి తోడు పోసి పోతుంది. అలా మూడు మధ్యాహ్నాలు చూడాలి. మూడోనాటికీ గూన లేవకపోతే ఎవరికీ ఆ మనిషి వద్దని అర్థం. గూన లామాలకు ఒలకబోసి, మళ్ళీ తాడు పట్టీ నుదుటికి తగిలించుకోవాలి. ఆ తర్వాత ఇంకోసారి గూన అడగడానికి లేదు.

మొదటి మధ్యాహ్నం మైవ కాలవకు వెళ్ళి వచ్చింది. గూనకు చెవి ఆనించింది. ఏమీ లేదు. రాయికి చెవి ఆనించినట్టుంది.

రెండో మధ్యాహ్నమూ అంతే.

ఆ సాయంత్రం ఇంటి ముందు కూర్చుని తల్లీకూతుళ్ళు మొక్కజొన్న గింజలు ఒలుస్తున్నారు. మైవ ఒలిచిన గింజలు గిన్నెలో కాక నేల మీద పడుతున్నాయి. తమ్య అవి ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది. చివరికి, చుంపి ఇస్తుందిలే అంది. చుంపి ఇవ్వదలచుకుంటే మొదటి రోజే ఇచ్చి ఉండేదని మైవ చెప్పింది. అయితే పౌకర ఇస్తుందంది తల్లి. పౌకర గూనను కాపాడి పౌకర పరువు తీశానంది మైవ. తమ్య ఒక్కొక్కరి పేరే చెబుతూ పోయింది, మైవ ఒక్కొక్కరికీ ఒక కారణం చెబుతూ పోయింది. ఎనిమిది పేర్లూ అయిపోయాయి.

"పోనీలే," అంది తమ్య. "దారి నీకు తెలిసిందే. కడవ కూడా పాతదే."

ఓదార్పుగానే అంది. ఆ మాటకు మైవకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది.

మూడో మధ్యాహ్నం ఆమె కాలవ దగ్గర కావాలనే ఆలస్యం చేసింది. కడవ రెండుసార్లు కడిగింది. ఒక చేప పిల్లను చూసింది. కొండ ఎక్కి వచ్చేసరికి ఎనిమిది మందీ వాకిట్లో వరసగా కూర్చుని ఉడికించిన కంకులు తింటున్నారు. ఎవరూ తలెత్తలేదు. అంత శ్రద్ధగా వాళ్ళు తినడం మైవ ఎప్పుడూ చూడలేదు. పౌకర ముంజేయి మోచేతి దాకా తడిసి ఉంది. నాలుగో గూన ఆవిడ కంకిని గింజల్లేని వైపు కొరుకుతోంది. మైవ ఇవన్నీ చూసింది, కానీ ఆమె మనసు గూన మీద ఉంది.

లోపలికి వెళ్ళి చెవి ఆనించింది. గూన గొణుగుతోంది.

మైవ అక్కడే పొయ్యి గట్టు మీద కూలబడింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి శాలువా ముడి విప్పి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ విప్పింది. ఎవరో ఒకరు ఇచ్చారు. ఎవరో ఒక తల్లి ఉంది. గూన లేచి, పండి, దొరల ముందుకు చేరిన నాడు ఆ తల్లి ముందుకొచ్చి సూది గుచ్చుతుంది. అప్పటిదాకా ఎవరని అడగకూడదు. అడగాలని కూడా లేదు. ఎనిమిది మందిలో ఎవరైనా కావచ్చుననుకుంటూ ఆ సాయంత్రం అందరినీ కొత్తగా చూసుకుంటూ తిరిగింది.

సాయంత్రానికి గొణుగుడు కాస్తా గలగలలయింది. ఇంత త్వరగా గలగలలాడే గూనను మైవ పద్నాలుగేళ్ళలో చూడలేదు. మంచిదే అనుకుంది. మర్నాటికి నురగ మూతి దాకా వచ్చింది. మామూలుగా అది నాలుగో రోజు మాట. మైవ గూన కింద పిడకలు తీసేసింది. అయినా తగ్గలేదు. ఆ రోజు మిగతా ఎనిమిది మందీ తమ గూనలకు పండ్లు పిసుక్కుంటూ, తొమ్మిదో గూన వైపు మాత్రం ఎవరూ చూడకుండా జాగ్రత్తగా పని చేసుకున్నారు.

ఆ మర్నాడు పొద్దున, విందుకు ఇంకా మూడు రోజులుందనగా, తొమ్మిదో గూన పొంగింది.

పొంగడమంటే అలాంటి ఇలాంటి పొంగు కాదు. తెల్లటి నురగ మూతను తోసేసి, గూన బొజ్జ మీదుగా జారి, పొయ్యిలో బూడిదను తడిపేసి, నేల మీద తూము దాకా పారి, తూములోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి రాళ్ళ చప్టా మీదకు పోయింది. అక్కడ రెండు లామాలు నిలబడి చాలా మర్యాదగా నాకడం మొదలుపెట్టాయి. మైవ బుర్రతో తోడి కడవల్లో పోస్తోంది. కడవలూ పొంగుతున్నాయి. ఇంట్లో ఉన్న చిన్న కుండ, పెద్ద కుండ, కూర వండే దాక, అన్నీ నురగలు కక్కుతున్నాయి. ఎనిమిది మందీ గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నారు తప్ప ఒక్కరూ కదలరు.

చివరికి చుంపి గోడ వదిలి కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. నురగలో వేలు పెట్టి నాలుక మీద రాసుకుంది. కళ్ళు మూసుకుంది.

"నాలుక చివర పులుపు ముందే కుట్టింది," అంది కళ్ళు మూసుకునే. "ఇది పౌకర తోడు. దాని మాటలాగే ముందుగా వచ్చేస్తుంది."

పౌకర తల దించుకుంది.

"దాని వెనకే మట్టి వాసన. రెండో గూన. కడిగి చావమంటే వినదు." చుంపి మళ్ళీ వేలు ముంచింది. "ఈ తీపి మూడోది. బుగ్గల్లో వగరు, నాలుగోది. ఆరోదానికి రుచే ఉండదు, ఒట్టి బుడగలు. అదీ ఉంది ఇందులో. ఏడోది. ఎనిమిదోది." కళ్ళు తెరిచి వరసగా చూసింది. "ఒక గూనకు ఒక తోడు అని మీ అమ్మలు చెప్పలేదా? ఏడుగురు తగలడ్డారేమే దాని మీద?"

అప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడారు. తేలిందేమిటంటే, మొదటి రోజు ప్రతి ఒక్కరూ చుంపి ఇస్తుందనుకున్నారు. పెద్దమనిషి ఉండగా తాము ముందు దూరడం బాగుండదని ఆగారు. రెండో రోజు, చుంపి ఇవ్వలేదు కాబట్టి పౌకర ఇస్తుందనుకున్నారు. పౌకరేమో, తాను ఇస్తే తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఇచ్చిందంటారని ఆగింది. మూడో రోజు ఎవరికి వాళ్ళకు, ఈ పిల్లకు ఎవరూ లేరే అనిపించింది. ఒకామె మరిచిపోయిన శాలువా కోసమని వెళ్ళింది. ఒకామె పిడకలు చూసి వస్తానని వెళ్ళింది. మూడో గూన ఆవిడా ఎనిమిదో గూన ఆవిడా గుమ్మంలో ఎదురుపడి, ఇద్దరూ ఊరికే వచ్చామని చెప్పుకుని, ఒకరు పోతే ఒకరు పోద్దామని నిలబడి, చివరికి ఎనిమిదో ఆవిడ వెళ్ళినట్టు వెళ్ళి వెనక కిటికీలోంచి చెయ్యి పెట్టి పోసింది.

మైవ సొరబుర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె వేలికి కూడా నురగ అంటి ఉంది. అలవాటు కొద్దీ నోట్లో పెట్టుకుంది. పద్నాలుగేళ్ళు నాకిన మడ్డి రుచులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చుంపి చెప్పినవన్నీ ఉన్నాయి. మింగాక ఇంకొకటి వచ్చింది.

"ఇంకోటుంది," అంది మైవ.

ఎనిమిది తలలూ ఆమె వైపు తిరిగాయి.

"మింగాక కాల్చిన కంకి వాసన వస్తోంది," అంది నేల చూపులు చూస్తూ. "అది నీది, పెద్దమ్మా."

చుంపి ముఖం చూడవలసిందే. దొంగతనంగా బెల్లం తిని మూతి తుడుచుకోవడం మరిచిపోయిన పిల్లలా అయిపోయింది. ముందుగా నవ్వింది పౌకర. తర్వాత గోడ పొడుగునా నవ్వు పాకింది. మైవకు ఏం చేయాలో తెలియక నురగ తోడుతూనే ఉంది. మూడో రోజు అందరికన్నా ముందు పోసింది తనేనని, మిగతా వాళ్ళు గమ్మునుంటే ఈ తంటా ఉండేది కాదని చుంపి వాదించింది గానీ, ఆ వాదన ఎవరూ వినలేదు.

నవ్వు అణిగాక మాత్రం అందరికీ అసలు సంగతి గుర్తొచ్చింది. ఎనిమిది తోడులు పడిన గూన ఈ రోజుకు పండిపోయింది. రేపటికి పులుస్తుంది. విందు నాటికి ఒట్టి పుల్లనీళ్ళవుతుంది. మళ్ళీ కాచడానికి పండ్లు లేవు, మళ్ళీ తోడు అడగడానికి కట్టుబాటు ఒప్పుకోదు. పైగా ఎనిమిది మంది పోశారంటే ఎవరూ పోయనట్టే లెక్క అని ఎనిమిదో గూన ఆవిడ మెల్లగా అంది. గూన తల్లి ఒక్కరే ఉండాలి. సూది గుచ్చేది ఒక్క చెయ్యే. ఎవరి చెయ్యి?

చుంపి నురగ అంటిన వేలిని శాలువాకు తుడుచుకుంటూ నేల చూసింది. మైవ అది చూసింది. ఒలకబోయమని చెప్పడానికి ఆమెకు నోరు రావడం లేదని అర్థమయింది. నేనే ఒలకబోస్తానులే పెద్దమ్మా అని చెబుదామని మైవ గూన మూతి పట్టుకుంది.

అప్పుడే వాకిట్లో మాటలు వినబడ్డాయి. తూర్పు కొండ ఆడవాళ్ళు వచ్చారు.

వాళ్ళ దొరలు ఇతరుల చేతి వంట తినరు. అందుకని ప్రతిసారీ మూడు రోజుల ముందే వాళ్ళ ఆడవాళ్ళు ఎండుదుంపలూ మాంసమూ లామాల మీద వేసుకుని, లోయ దిగి, ఈ కొండ ఎక్కి వస్తారు. పన్నెండు మంది. ముఖాలు ఎర్రగా కమిలి, పెదవులు పగిలి, నీడ కనబడితే చాలు కూలబడిపోతారు. వాళ్ళకు ఇచ్చేది వేడినీళ్ళు. గూనలు దొరల ముందే తెరవాలి కాబట్టి అంతకు మించి ఇచ్చేందుకు ఏమీ ఉండదు. విందయ్యాక మగవాళ్ళు వదిలింది ఏమైనా ఉంటే అది వాళ్ళది. ఏటేటా అంతే.

వాళ్ళ పెద్ద అముయ. బండరాయిలాంటి మనిషి. ఈ కొండ మీద దేన్నీ ఆమె మెచ్చుకోగా ఎవరూ వినలేదు. ఆమె వాకిట్లోకి వచ్చి, చప్టా మీద నురగ నాకుతున్న లామాలను చూసి, "మీ ఇంట్లో ముందు వాటికి పోస్తారా?" అని అడిగింది.

చుంపి అముయ వైపు చూసింది. గూన వైపు చూసింది. ముఖంలో ఏదో మెల్లగా వెలిగింది.

"దొరల ముందు తెరవాల్సింది ఎవరికో ఒకరికి చెందిన గూన," అంది చుంపి. "ఇది ఎవరిదీ కాదని ఇందాకే తేలింది. దొరల కట్టుబాటు ఎనిమిది గూనలకే. తొమ్మిదోది పొంగిపోయిందని దొరసానికి నేను చెప్పుకుంటాను. లోటాలు తీయండే."

ఇంకెవరూ ఆలోచించలేదు. విందు కోసం దాచిన జోడు లోటాలు, ముఖాలు చెక్కిన పెద్దవి తీయడానికి ధైర్యం చాలక, ఇంట్లో వాడుకునే మట్టి లోటాలు తీశారు. కల్లు ఒంటరిగా ఎవరూ తాగరు. పోసే మనిషి ఒక లోటా, తాగే మనిషి దాని జోడు, ఇద్దరూ ఒక్కసారే ఎత్తాలి. ఈ గూన కాచింది మైవ కాబట్టి మొదటి జోడు మైవదే అని పౌకర ఆమె చేతుల్లో లోటాలు పెట్టి ముందుకు తోసింది.

మైవ అముయ ముందు నిలబడింది. రెండు లోటాలూ అంచుల దాకా నింపడం వల్ల, తాగేముందు నేలతల్లికి పోయవలసిన నాలుగు చుక్కలూ వాటంతట అవే పడ్డాయి. ఇద్దరూ ఎత్తారు. మైవ తన గూన కల్లు మొదటిసారి నిండుగా మింగింది. ఎనిమిది ఇళ్ళ పులుపూ తీపీ వగరూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, చివర కాల్చిన కంకి వాసనతో సర్దుకున్నాయి. గింజ కారం ఎక్కడా లేదు. వేళ్ళు సరిగ్గానే ఆగాయి.

అముయ ఖాళీ లోటాను తిరగేసి చూసింది. ఇంకోటి పోయమంది. అదీ తాగింది.

"ముడి వేసుకున్నావేం?" అని అడిగింది మైవను.

మైవ చెయ్యి ముడి మీదికి పోయింది.

"వీళ్ళ దగ్గర సూదులు అయిపోయాయి కాబోలు," అంది అముయ తన వాళ్ళ వైపు తిరిగి. "మా కొండకు వచ్చెయ్యి. నీకు గూన ఇస్తాను, సూది ఇస్తాను. నీళ్ళు మా ఇంటి గుమ్మంలోనే ఉన్నాయి. మా కాలవ దాటే గుమ్మంలో అడుగు పెట్టాలి."

"అది మా పిల్ల," అంది పౌకర.

"మా పిల్ల" అని రెండో గూన ఆవిడా అంది. నాలుగో ఆవిడా అంది. కిటికీలోంచి చెయ్యి పెట్టిన ఎనిమిదో ఆవిడ అందరికన్నా గట్టిగా అంది. ఇప్పటిదాకా ఎవరు తల్లో తేలక నిలబడినవాళ్ళు, తూర్పు కొండ నుంచి ఒక తల్లి బయల్దేరేసరికి, ఎనిమిది మందీ ఒకేసారి తల్లులయిపోయారు. నా తోడు ముందు పడిందంటే నా తోడు ముందు పడిందని కొట్లాట మొదలయింది. తూర్పు కొండ ఆడవాళ్ళు లోటాలు పట్టుకుని గోడ నీడన కూర్చుని, ఎవరి పక్షమూ పట్టకుండా వింటూ తాగారు.

చుంపి తన శాలువాలోంచి సూది లాగింది. శాలువా జారిపోతుంటే ఎడం చేత్తో పట్టుకుని, సూదిని పక్కనున్న రెండో గూన ఆవిడకు ఇచ్చింది. ఎందుకో ఆవిడకు అర్థమై మూడో ఆవిడకు ఇచ్చింది. అలా సూది ఎనిమిది చేతులూ తిరిగి మళ్ళీ చుంపి దగ్గరకు వచ్చింది. మైవ శాలువా ముడి అందరూ తలా కాస్త లాగి విప్పారు. ఎక్కువ మంది లాగడం వల్ల ముందు అది ఇంకా బిగిసింది, పౌకర పళ్ళతో విప్పాల్సి వచ్చింది. చుంపి సూది గుచ్చింది.

"ఎనిమిది మంది అత్తల కన్నా ఎనిమిది మంది తల్లులు కష్టం," అంది ఆమె చెవిలో. "జ్ఞాపకం పెట్టుకో."

మధ్యాహ్నానికి ఎవరి లోటా ఎవరిదో తెలియకుండా పోయింది. తూర్పు కొండ పిల్ల ఒకతె లేచి ఆడింది. పౌకర ఆగిపోయిన కథ మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి పూర్తి చేసింది. మైవ పోస్తూనే ఉంది. గూనలో కల్లు సగానికి దిగాక వంగి వంగి తోడాల్సి వచ్చింది. అలా వంగినప్పుడు శాలువా భుజం మీద నుంచి జారింది. ఠంగుమని చప్పుడయింది. సూది నేల మీద పడి, దొర్లి, నురగతో పాటు తూములోకి పోయింది.

మైవ మోకాళ్ళ మీద కూలబడి తూములో చెయ్యి పెట్టింది. చెయ్యి మోచేతి దాకానే పోయింది. సూది పెట్టుకుని ఇంకా పూట కూడా కాలేదు.

చుంపి పైనుంచి చూసింది. "లే," అంది. "ఈ నేల కింద నావి రెండున్నాయి. పౌకరవి ఎన్నో అదే చెప్పాలి."

నాలుగని పౌకర చెప్పింది. ఐదని ఎవరో సరిదిద్దారు. ఈ ఇంటి నేల ఒక సూది మింగేదాకా ఎవరూ ఈ ఇంటి మనిషి కాదని మూడో గూన ఆవిడ అప్పటికప్పుడు కల్పించి చెప్పింది. అప్పటి నుంచి అదొక కట్టుబాటు అయిపోయింది. వాకిట్లో ఒక ముళ్ళ కంప ఉంది. పౌకర ఒక పొడుగాటి ముల్లు విరిచి తెచ్చి మైవ శాలువాకు గుచ్చింది.

పొద్దు వాలుతుండగా తమ్య కడవతో పైకి వచ్చింది. వాకిట్లో పడుకున్న లామాలను, పాడుతున్న పరాయి ఆడవాళ్ళను, కూతురి భుజం మీద ముల్లును చూసింది. నుదుటి పట్టీ తీయకుండానే నిలబడిపోయింది. మైవ వచ్చి తల్లి వీపు మీది కడవ దించి, తన గూన అడుగున మిగిలిన కల్లు రెండు లోటాల్లో పోసి ఒకటి ఆమెకు ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఆ ఇంటికి నీళ్ళు మోసిన తమ్య ఆ ఇంటి కల్లు ఎప్పుడూ తాగలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు.

తల్లీకూతుళ్ళు ఒక్కసారే ఎత్తారు. తమ్య చివరి చుక్క దాకా మెల్లగా తాగింది. ఎనిమిది మంది గూనల ఆడవాళ్ళూ, పక్కన అముయా, ఆమె ఏమంటుందోనని చూస్తున్నారు.

తమ్య మూతి తుడుచుకుంది.

"నీళ్ళు బాగున్నాయి," అంది.